వార్తాపత్రికల ముద్రణను మార్చినవాళ్లలో ఎవరి జీవితం తెలుసుకోవాలి? నా జవాబు: ఓట్మార్ మెర్గెంథాలర్

ఈ ప్రశ్నకు చాలామంది ఫ్రీడ్రిష్ కోనిగ్ పేరు చెబుతారు. 1814లో లండన్ 'టైమ్స్' పత్రికను ఆవిరి యంత్రం మీద అచ్చేసిన ఘనత ఆయనదే. అయినా నేను, అక్షరాల్ని పేర్చే లైనోటైప్ యంత్రాన్ని తయారుచేసిన మెర్గెంథాలర్ పేరే ముందు చెబుతాను, ఎందుకంటే కుర్రతనంలో ఒక చిన్న ప్రెస్సులో చేత్తో అక్షరాలు పేర్చినవాణ్ని.

స్టిక్కు, అంటే అక్షరాలు పేర్చే చిన్న చేతి పలక, పట్టుకుని పేర్చడం కొన్నాళ్లకు చేతికొస్తుంది. ప్రాణం తీసేది ఆ తర్వాతి పని. అచ్చు అయ్యాక ఫారం, అంటే పేజీగా బిగించిన అక్షరాల కట్టు, విప్పి, సిరా కడిగి, ఒక్కో అక్షరాన్నీ మళ్లీ దాని గడిలోనే వెయ్యాలి. గుణింతాలు, వత్తులు కలిపి తెలుగు కేసుల్లో, అంటే అక్షరాలుంచే పెట్టెల్లో, వందల గళ్లు. ఒకటి పక్క గడిలో పడిందంటే మర్నాడు ప్రూఫులో తప్పై తేలుతుంది. కోనిగ్ తర్వాత అచ్చు యంత్రాల వేగం ఎంతో పెరిగింది గానీ, ఈ పేర్చడం, విడదీయడం మాత్రం చేతి మీదే ఉండిపోయాయి. దాన్ని తప్పించినవాడు మెర్గెంథాలర్.

1854లో జర్మనీలోని హాఖ్టెల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి బడిపంతులు, కొడుకూ అదే దారి పట్టాలని ఆయన కోరిక. ఓట్మార్ మాత్రం గడియారాల పని నేర్చుకుని, 1872లో అమెరికా వెళ్లి బంధువు వర్క్‌షాపులో చేరాడు. 1876లో జేమ్స్ క్లెఫేన్ అనే స్టెనోగ్రాఫర్ వర్గం నుంచి ఆ వర్క్‌షాపుకు ఒక పని వచ్చింది. టైపుకొట్టినట్టు కొడితే అచ్చుకు పనికొచ్చే ప్రతి తయారవ్వాలని వాళ్ల ఆశ. తెచ్చిన యంత్రం సరిగా పనిచెయ్యలేదు. కాగితపు గుజ్జు మీద అక్షరాలు ఒత్తి, అందులో లోహం పోసే పద్ధతీ కుదరలేదు. ఆ ప్రయత్నాల్లోనే ఏళ్లు గడిచాయి.

చివరికి ఆయన అసలు అక్షరాల్ని పేర్చడమే మానేశాడు. పేర్చేది అక్షరాల అచ్చుల్ని, అంటే లోతుగా అక్షరం చెక్కిన చిన్న ఇత్తడి బిళ్లల్ని. మీట నొక్కితే బిళ్ల జారి వరుసలో చేరుతుంది. మాటల మధ్య చీలల్లా ఒక కొస మందంగా ఉండే పట్టీలు పైకి లేచి ఖాళీని సమంగా సర్దుతాయి. ఆ వరుస మీదికి సీసం, తగరం, ఆంటిమొని కలిసిన కరుగు లోహం వచ్చి, పంక్తి మొత్తం ఒకే కడ్డీగా తయారవుతుంది. అచ్చయ్యాక విడదీసేదేమీ లేదు, కడ్డీని కరిగించేయడమే.

నాకు అన్నిటికంటే అద్భుతమనిపించేది బిళ్లలు వెనక్కి వెళ్లే తీరు. తర్వాతి నమూనాల్లో ఒక చెయ్యి వాటిని యంత్రం పైకి ఎత్తుతుంది. బిళ్ల తలమీది గాడిలో పళ్లుంటాయి, ఒక్కో అక్షరానికి ఒక్కో అమరిక. ఆ పళ్లతో బిళ్ల యంత్రంలోని ఒక పొడవాటి కడ్డీకి వేలాడుతూ జరుగుతుంది. తన పళ్లకు పట్టు లేని చోటు రాగానే జారిపోతుంది, సరిగ్గా తన గడిలోకే. మేము గంటలకొద్దీ వంగి కూర్చుని చేసిన పని అది! గడియారం పని నేర్చిన చెయ్యే ఇలాంటిది చెయ్యగలదు.

1886 జులైలో 'న్యూయార్క్ ట్రిబ్యూన్' దీన్ని మొదటిసారి వాడింది. లైనోటైప్ అన్న పేరు స్థిరపడింది. ఆ తర్వాత కథ బాధాకరం. డబ్బు పెట్టినవాళ్లతో ఆయనకు పొసగలేదు. 1888లో వాళ్ల కంపెనీ నుంచి తప్పుకున్నా, యంత్రాన్ని మెరుగుపరచడం మాత్రం ఆపలేదు. క్షయ సోకింది. పొడి గాలి కోసం న్యూ మెక్సికోలోని డెమింగ్‌కు వెళ్తే, అక్కడ ఇల్లు అంటుకుని రాసుకున్న ఆత్మకథ ప్రతి కాలిపోయింది. 1899 అక్టోబర్ 28న బాల్టిమోర్‌లో కన్నుమూశాడు. నలభై అయిదేళ్లే. 'న్యూయార్క్ టైమ్స్' 1978 దాకా ఆయన యంత్రాల మీదే పనిచేసింది.

మన దగ్గర ఎందుకు అంతగా రాలేదని అడుగుతారేమో. ఇంగ్లీషు యంత్రంలో తొంభై మీటలు. వత్తులు కిందికీ పక్కకీ చేరే మన లిపికి అవి ఏ మూలకు? అందుకే తెలుగు పత్రికల్లో చేతి కంపోజింగ్ చాలాకాలం సాగింది.

ఈ యంత్రం నడిచే వీడియో దొరికితే మీటల దగ్గరే ఆగిపోకండి. యంత్రం పైభాగంలో బిళ్లలు విడిపోయే చోటు చూడండి.