నీలం తెర చూసి డిస్క్ ఫార్మాట్ చేసేయకండి

ప్రశ్న: సార్, నేను బీటెక్ సెకండియర్. నాన్న ఈఎంఐ మీద కొత్త లాప్‌టాప్ కొనిచ్చి మూడు వారాలైంది. అందులో విండోస్ 11 ఉంది. ల్యాబ్ పనికి ఉబుంటు (లినక్స్) కూడా కావాలని 100 జీబీ ఖాళీ చేసి, పెన్‌డ్రైవ్‌తో 24.04 ఎక్కించబోతే మధ్యలో ఆగి 'ఆర్‌ఎస్‌టీ ఆఫ్ చేయండి' అంది. సీనియర్ చెబితే బయోస్‌లోకి (లాప్‌టాప్ మూల సెట్టింగ్స్‌లోకి) వెళ్లి వీఎండీ అనేది ఆఫ్ చేశాను. ఉబుంటు ఎక్కింది, బాగానే నడుస్తోంది. కానీ విండోస్ ఎంచుకుంటే నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడుగుతోంది. నేనెప్పుడూ ఏ కీ పెట్టలేదు! హాస్టల్లో అందరూ మొత్తం ఫార్మాట్ కొట్టెయ్ అంటున్నారు. నాన్నకు ఇంకా చెప్పలేదు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఫార్మాట్ మాట పక్కన పెట్టండి. మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, విండోస్ చెడిపోలేదు, నాన్నకు చెప్పాల్సినంత ఘోరమేమీ జరగలేదు. ఇప్పుడే బయోస్‌లోకి వెళ్లి ఆ వీఎండీని మళ్లీ ఆన్ చేసి సేవ్ చేయండి. తర్వాత లాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్12 నొక్కి (కొన్ని కంపెనీల్లో ఎఫ్9, ఇంకొన్నింట్లో ఎస్కేప్) వచ్చే బూట్ మెనూలో 'విండోస్ బూట్ మేనేజర్' ఎంచుకోండి. గ్రబ్ గుండా (ఉబుంటు పెట్టిన ఎంపిక లిస్టు గుండా) వెళ్లకండి. చాలావరకు కీ ఊసెత్తకుండానే విండోస్ తెరుచుకుంటుంది.

ఎందుకిలా అయిందంటే, ఇక్కడ రెండు సంగతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిది వీఎండీ. ఉబుంటు ఆఫ్ చేయమన్న ఆర్‌ఎస్‌టీ (ఇంటెల్ స్టోరేజ్ ఏర్పాటు) పనిచేసేది దీని మీదే. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా లాప్‌టాప్‌లు ఇది ఆన్ చేసే వస్తున్నాయి. అంటే ఎస్‌ఎస్‌డీ డిస్క్ నేరుగా కనబడదు, ఇంటెల్ కంట్రోలర్ వెనకాల ఉంటుంది. ఫ్యాక్టరీలో విండోస్‌ని ఆ కంట్రోలర్ డ్రైవర్‌తోనే ఎక్కించారు. మీరు వీఎండీ ఆఫ్ చేయడమంటే వీధి గుమ్మం మూసేసి పెరటి గుమ్మం తెరవడం. ఉబుంటుకి పెరటి దారి తెలుసు కాబట్టి హాయిగా లోపలికొచ్చింది, విండోస్ మాత్రం తన ఇంట్లోకే తాను రాలేక బయట నిలబడింది. అందుకే ఆ 48 అంకెలు ఎలాగో సంపాదించి కొట్టినా, వీఎండీ ఆఫ్‌లోనే ఉంటే ఇంకో నీలం తెర వస్తుంది. బూట్ అయ్యే డిస్క్ దొరకలేదని అంటుంది.

రెండోది డిస్క్ ఎన్‌క్రిప్షన్. మీరు పెట్టలేదన్నది నిజమే, అదే పెట్టుకుంది. చాలా కొత్త లాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవగానే, హోమ్ ఎడిషన్‌లో కూడా, డిస్క్‌కి తాళం పడి దాని రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి చేరుతుంది. బయోస్‌లో ఇలాంటి కీలక సెట్టింగ్ మారిందంటే ఎవరో కెలికారని అనుమానించి కీ అడుగుతుంది. అది దాని డ్యూటీ. వీఎండీ ఆన్ చేశాక కూడా కీ అడిగితే, ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి డివైజెస్‌లో రికవరీ కీల పేజీ చూడండి, నీలం తెర మీదున్న కీ ఐడీతో సరిపోయేది రాసుకోండి. అక్కడ ఏమీ లేకపోతే ఒక్కటి గుర్తు చేసుకోండి: మొదటిరోజు లాప్‌టాప్ సెటప్ చేసింది మీరేనా, షాపు కుర్రాడా? 'మెయిల్ అడిగితే నాదే కొట్టానన్నా' అనే బాపతు ఊరికొకరుంటారు. అలాగైతే కీ అతని అకౌంట్‌లో ఉంటుంది, వెళ్లి అడగాల్సిందే.

సరే, విండోస్ తెరుచుకుంది. ఇప్పుడు రెండూ ఉండాలంటే ఈ వరుస తప్పొద్దు. ముఖ్యమైన ఫైళ్లు ముందు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. డిస్క్ మొత్తం తాళం విప్పుకోవడానికి కాసేపు పడుతుంది, చార్జర్ పెట్టి వదిలేయండి, తొందరపడి మధ్యలో ఆపకండి. అది పూర్తయ్యాక రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి, చేస్తూనే నేరుగా బయోస్‌లోకి వెళ్లి అప్పుడు వీఎండీ ఆఫ్ చేయండి. సేఫ్ మోడ్‌లో లేచేటప్పుడు విండోస్ తన దగ్గరున్న మామూలు డ్రైవర్లను బయటికి తీస్తుంది కాబట్టి ఈసారి పెరటి దారి నేర్చుకుంటుంది. సేఫ్ మోడ్‌లో పిన్ ఒక్కోసారి పనిచేయదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి (ఇక్కడ ఇరుక్కుని నేనే ఒక పూట పోగొట్టుకున్నాను). లోపలికెళ్లాక ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే అయిపోయింది. ఉబుంటు ఎలాగూ ఎక్కింది కదా, దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఎన్‌క్రిప్షన్ కావాలనుకుంటే అన్నీ కుదురుకున్నాక ఆన్ చేసుకోండి, కీ మాత్రం కాగితం మీద కూడా రాసి దాచండి.

ఇంకోటి, కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉన్నంతకాలం విండోస్ షట్‌డౌన్ అంటే పూర్తి షట్‌డౌన్ కాదు, సగం నిద్ర. ఆ స్థితిలో ఉబుంటులోంచి విండోస్ డ్రైవ్ తెరిస్తే ఫైళ్లు చదవనిస్తుంది, రాయనివ్వదు.

మీ సీనియర్ చెప్పిందాంట్లో తప్పు లేదు, చెప్పిన వరుసే తప్పు.

ప్రశ్న: ఉబుంటు ఇన్‌స్టాల్ పూర్తయిందని చెప్పింది. రీస్టార్ట్ చేస్తే ఎంచుకునే లిస్టేమీ రాకుండా నేరుగా విండోసే వస్తోంది. మూడుసార్లు ఇన్‌స్టాల్ చేశాను, మూడుసార్లూ అంతే.
– గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అంటే ఇప్పుడు డిస్క్‌లో మూడు ఉబుంటులు ఉండొచ్చు! నాలుగోసారి వద్దు. బయోస్‌లో బూట్ ఆర్డర్ చూడండి, విండోస్ బూట్ మేనేజర్ కింద ఉబుంటు అని కనబడుతుంది, దాన్ని పైకి జరపండి. కొన్ని లాప్‌టాప్‌లు విండోస్‌నే మొదట ఉంచాలని మొండికేస్తాయి, అలాంటిదైతే ఆన్ చేసినప్పుడు బూట్ మెనూ కీ నొక్కి ఎంచుకోవడం అలవాటు చేసుకోండి. మిగిలిన రెండు కాపీలనూ తర్వాత తీరిగ్గా తీసేయొచ్చు. ఏది వాడుతున్నారో చూసుకోకుండా మాత్రం పార్టిషన్ డిలీట్ చేయకండి.

ప్రశ్న: రెండూ బాగానే పనిచేస్తున్నాయి గానీ ఉబుంటులోంచి విండోస్‌లోకి వస్తే గడియారం తప్పుతోంది. ఉదయం పదికి నాలుగున్నర చూపిస్తోంది. బ్యాటరీ పోయిందా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: లేదండీ మాస్టారూ, తేడా ఎంతో చూడండి. సరిగ్గా అయిదున్నర గంటలు. మదర్‌బోర్డు గడియారంలో ఉబుంటు గ్రీనిచ్ లెక్కన టైమ్ రాస్తుంది, విండోస్ అదే గడియారాన్ని మన స్థానిక సమయం అనుకుని చదువుతుంది. డాస్ కాలం నుంచీ దానికదే అలవాటు. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో సెట్-లోకల్-ఆర్‌టీసీని 1 చేయండి (timedatectl set-local-rtc 1). దాంతో ఉబుంటు కూడా స్థానిక సమయమే రాస్తుంది. తర్వాత విండోస్ డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో ఒక్కసారి 'సింక్ నౌ' నొక్కితే చాలు.