కాంట్రాక్టు మధ్యలో కొత్త ఫోనా? ముందు బిల్లు తీయండి

ప్రశ్న: అన్నా, నేను డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. మాస్టర్స్ అయ్యి ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే 14 నెలల క్రితం, పాత ఫోన్ ఇచ్చేస్తే 800 డాలర్లు తగ్గిస్తామంటే వెయ్యి డాలర్ల ఐఫోన్ తీసుకున్నాను. 36 నెలల వాయిదాలు. ఇప్పుడు ఛార్జింగ్ సాయంత్రం దాకా ఆగడం లేదు, కొత్త మోడల్ మీదకి మనసు పోతోంది. వేరే కంపెనీవాళ్ళు మా దగ్గరికి వచ్చేయ్, ఫోన్ ఫ్రీ అంటున్నారు. ఇంకో చిక్కు, ప్లాన్ నా పేరు మీద లేదు. అయిదుగురం రూమ్మేట్లం కలిసి తీసుకున్న ఫ్యామిలీ ప్లాన్, అకౌంటు మా సీనియర్ పేరు మీద ఉంది, ఆయన పెళ్ళయి న్యూజెర్సీ వెళ్ళిపోయాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: తమ్ముడూ, కొత్త ఫోన్ సంగతి కాసేపు పక్కన పెట్టి మీ సీనియర్‌ని పోయిన నెల బిల్లు పంపమని అడుగు. మొదటి పేజీలో ఉండే మొత్తం కాదు, లోపల నీ నంబరు కింద ఉండే వివరం కావాలి. అక్కడ రెండు వరసలు కనిపిస్తాయి. ఒకటి ఫోన్ వాయిదా, 27 డాలర్ల 78 సెంట్లు, పక్కనే 36లో 14వది అని ఉంటుంది. రెండోది మైనస్ గుర్తుతో 22 డాలర్ల 22 సెంట్లు, అది క్రెడిట్, అంటే బిల్లులో కంపెనీ తగ్గించే మొత్తం. నీ కాంట్రాక్టు ముడి అంతా ఈ రెండో వరసలోనే ఉంది. షాపులో 800 తగ్గించామని చెప్పారు గానీ ఆ రోజు ఒక్క డాలరు కూడా తగ్గించలేదు, టాక్సు కూడా పూర్తి వెయ్యి మీదే కట్టించుకుని ఉంటారు, మీ ఊళ్ళో అది 8.25 శాతం కాబట్టి 82 డాలర్ల 50 సెంట్లు. ఆ 800ని 36 ముక్కలు చేసి నెలకో ముక్క ఇస్తూ వస్తున్నారు. నువ్వు ఉన్నన్నాళ్ళే ఇస్తారు.

ఇంకా 22 వాయిదాలున్నాయి. ఫోన్ బాకీ 611 డాలర్లు, నీకు రావాల్సిన క్రెడిట్లు 489. కదలకుండా కూర్చుంటే ఈ 22 నెలల్లో ఫోన్ కోసం నీ జేబులోంచి పోయేది 122 డాలర్లే. ఇవాళ లైన్ తీసేసుకుని వెళ్ళిపోతే చివరి బిల్లులో 611 ఒకేసారి వచ్చి పడుతుంది, మిగిలిన 489 క్రెడిట్లు పోతాయి, నువ్వు మార్పిడికి ఇచ్చిన పాత ఫోన్ ఎలాగూ తిరిగి రాదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఉద్యోగంలో అప్పుడే చేరిన పిల్లలు ఫ్రీ అన్న మాట నమ్మి సంతకం పెడతారు, ఈ లెక్క కౌంటర్ దగ్గర ఎవరూ విప్పి చెప్పరు.

చాలామంది ఇంకా రెండేళ్ళ కాంట్రాక్టు అనే పాత మాటే వాడుతున్నారు. దాన్ని అమెరికా ఫోన్ కంపెనీల్లో టీ-మొబైల్ 2013లోనే తీసేసింది, వెరైజన్ 2015లో కొత్తవాళ్ళకి ఆపేసింది, ఏటీ అండ్ టీ 2016 జనవరిలో. అప్పట్లో ఐఫోన్ 200 డాలర్లకి చేతిలో పెట్టి, మధ్యలో వెళ్తే 300 పైన జరిమానా అనేవాళ్ళు, ఆ జరిమానా నెలనెలా కాస్త తరిగేది. మన దగ్గరా 2003లో రిలయన్స్ 501 రూపాయలకి ఫోన్ ఇచ్చి నెలనెలా కట్టించుకుంది, మా వీధిలో ఆ ఫోన్ లేని ఇల్లు తక్కువ. ఇప్పుడు అమెరికాలో జరిమానా అన్న మాట పోయింది, సర్వీసు ఎప్పుడైనా మానేయొచ్చు అంటారు, నిజమే, కానీ ఫోన్ అప్పు, క్రెడిట్లు కలిసి అదే పని ఇంకా గట్టిగా చేస్తున్నాయి. పైగా అప్పటి రెండేళ్ళు ఇప్పుడు చాలాచోట్ల మూడేళ్ళయ్యాయి.

బాకీ నేనే కట్టేసి అదే కంపెనీలో ఉంటే క్రెడిట్లు వస్తాయా అని అడుగుతావు. కొన్ని ఆఫర్లలో వస్తాయి, కొన్నింట్లో కట్టిన రోజే ఆగిపోతాయి. కాబట్టి కట్టే ముందు కంపెనీ చాట్‌లో ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ తీసి దాచుకో. ఫోన్‌లో చెప్పిన మాట రేపు ఎవరికీ గుర్తుండదు. ఇంకో విషయం, బాకీ తీరకుండా ఈ ఫోన్ ఎవరికైనా అమ్మేసి వాయిదాలు ఎగ్గొడితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, బ్లాక్ లిస్టులో పెడతారు, కొన్నవాడి చేతిలో అది పనికిరాకుండా పోతుంది. ఆ పాపం మూటగట్టుకోకు.

పాత బాకీ మేం కడతాం అనే రెండో కంపెనీ మాటా పూర్తిగా అబద్ధం కాదు. కానీ అలాంటి ఆఫర్లలో ఎక్కువగా నీ చివరి బిల్లు చూపించాక కొన్ని వారాలకి ప్రీపెయిడ్ కార్డు రూపంలో పంపుతారు, ఈలోగా 611 నువ్వే సర్దాలి. ఆ డబ్బుకి ఒక పరిమితి ఉంటుంది, ఫ్రీ ఫోన్ మళ్ళీ 24 లేదా 36 నెలల క్రెడిట్ల మీదే వస్తుంది. అంటే 22 నెలల దూరంలో ఉన్న విడుదలని మళ్ళీ వెనక్కి జరుపుకున్నట్టు.

ఇక మీ సీనియర్ పేరు మీద ఉన్న అకౌంటు. నిజం చెప్పాలంటే ఫోన్ కన్నా నాకు దీని గురించే టెన్షన్. నెలనెలా బ్యాంకు నుంచి డబ్బు పంపే జెల్ (Zelle)లో నీ వాటా పంపుతూ ఉంటావు, కానీ కంపెనీ కాగితాల్లో నువ్వెవరో వాళ్ళకి తెలియదు. ఫోన్ అప్పు ఆయన పేరు మీద ఉంది, అప్‌గ్రేడ్ చేయాలన్నా, నంబరు బయటికి తీసుకెళ్ళాలన్నా ఆయనే ఒప్పుకోవాలి. రేపు ఆయన తన భార్యతో కొత్త ప్లాన్ తీసుకుని పాతది మూసేస్తే నీ నంబరు కూడా పోతుంది. ఆ నంబరుకే కదా నీ బ్యాంకు ఓటీపీలన్నీ వస్తున్నాయి? అందుకే ఈ వారమే మాట్లాడు. లైన్‌ని నీ పేరుకి మార్చే పద్ధతి ఉంది, బిల్లింగ్ బాధ్యత బదిలీ అని అడిగితే వాళ్ళకి అర్థమవుతుంది. ముందు ఆయన వదులుకోవాలి, తర్వాత నువ్వు తీసుకోవాలి, నీ క్రెడిట్ హిస్టరీ చూస్తారు. వాయిదాలూ క్రెడిట్లూ లైన్‌తోపాటు వస్తాయో లేదో అదే చాట్‌లో రాయించుకో. వేరే కంపెనీకే వెళ్ళాలనుకుంటే అకౌంటు నంబరూ, ట్రాన్స్‌ఫర్ పిన్నూ ఆయన దగ్గర తీసుకుని, కొత్తచోట నంబరు పనిచేయడం మొదలయ్యేదాకా పాత లైన్ రద్దు చేయనివ్వకు. ముందే రద్దు చేస్తే నంబరు మళ్ళీ దొరకడం చాలా కష్టం.

నన్నడిగితే కొత్త ఫోన్ ఇప్పుడు వద్దు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూడు, 80 శాతం దగ్గరికి వచ్చి ఉంటే కొత్త బ్యాటరీ వేయించు, వంద డాలర్ల చుట్టూ అవుతుంది. 489 ఎక్కడ, వంద ఎక్కడ! 22 నెలలయ్యాక బాకీ లేని ఫోన్‌ని అన్‌లాక్ చేయించుకుంటే మింట్ లాంటి చవక ప్లాన్లలో దేనికైనా మారొచ్చు, అప్పుడు నువ్వు ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి కొత్త ఫోన్ తీసుకుని, తన ఐఫోన్ 14 నాకు పంపిస్తానంటోంది. దానికి ఇంకా ఏడాది వాయిదాలున్నాయట. ఇక్కడ నా జియో సిమ్ అందులో పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, పంపే ముందు అమ్మాయిని ఒక్కటి చూడమనండి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్, కిందకి వెళ్తే క్యారియర్ లాక్ అని ఉంటుంది. దాని పక్కన నో సిమ్ రిస్ట్రిక్షన్స్ అని ఉంటేనే విమానం ఎక్కించాలి. నేను ఇది చూడకుండా మా అమ్మకి ఒకటి తెచ్చి, అన్నయ్యలు, వదినలు అందరూ చుట్టూ చేరి చూస్తుండగా సిమ్ పెడితే స్క్రీన్ మీద సిమ్ నాట్ సపోర్టెడ్ అని వచ్చింది. ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ లాంటివి ఫోన్ బాకీ మొత్తం తీరితే గానీ అన్‌లాక్ చేయవు. కాబట్టి అమ్మాయి మిగిలిన బాకీ కట్టాలి, అన్‌లాక్ అడగాలి, తర్వాత పంపాలి. కట్టే ముందు పైన తమ్ముడికి చెప్పిన క్రెడిట్ల ప్రశ్న తననీ అడగమనండి. కొత్త ఫోన్ ఆఫర్‌లో పాతది ఇచ్చేయాలన్న షరతు ఉంటే అసలు మీకు పంపడానికి ఏమీ మిగలదు, అదీ చూసుకోవాలి. ఇంకో సంగతి, అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కీ ఆ తర్వాతి వాటికీ సిమ్ పెట్టే అరే ఉండదు, కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే ఈ-సిమ్ ఒక్కటే. జియో, ఎయిర్‌టెల్ రెండూ ఈ-సిమ్ ఇస్తాయి, మీ ఆధార్ కార్డు పట్టుకుని స్టోర్‌కి వెళ్తే మార్చిపెడతారు. అయితే ఈ ఫోన్ ఎప్పుడైనా పాడైతే సిమ్ తీసి ఇంకో దాంట్లో పెట్టుకోవడం కుదరదు, అది తెలిసే తీసుకోండి.

ప్రశ్న: నో కాస్ట్ ఈఎంఐలో ఫోన్ తీసుకున్నాను, 12లో 5 కట్టాను. ఇప్పుడే ఎక్స్ఛేంజ్ చేసి కొత్తది తీసుకోవచ్చా అండీ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మన దగ్గర సిమ్‌కీ ఫోన్‌కీ సంబంధం లేదమ్మా, కాబట్టి నంబరు గురించి బెంగ వద్దు. క్రెడిట్ కార్డు మీద తీసుకున్నదైతే ఫోన్ ఇచ్చేయొచ్చు, కానీ మిగిలిన 7 వాయిదాలు పోవు, పాతదీ కొత్తదీ రెండూ కడుతూ ఉండాలి. ముందే మూసేద్దామంటే బ్యాంకులు మామూలుగా ఛార్జీ వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఫైనాన్స్ కంపెనీ అప్పు అయితే ముందు అప్పు తీర్చి, బాకీ లేదన్న కాగితం చేతికి వచ్చాకే ఫోన్ ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వండి. కొన్ని ఫోన్లలో వాళ్ళు లాక్ చేసే యాప్ పెట్టేవాళ్ళు, మీ దాంట్లో ఉంటే అది తీసేయించారో లేదో షాపువాడి ముందే చూసుకోండి.