కోడ్ చెప్పేది సగమే

ప్రశ్న: మా షెడ్డులో పాత మాన్యువళ్లు బీరువా నిండా ఉన్నాయి. ఈమధ్య కారు లోపాల కోడ్‌లు చదివే స్కానర్ కొన్నాం. ఓ పెట్రోల్ కారుకు పి0171 కోడ్ వస్తే ఆక్సిజన్ సెన్సార్ మార్చాం, వారానికే చెక్ ఇంజన్ లైట్ మళ్లీ వెలిగింది. ఆన్‌లైన్ రిపేరు డేటాకు చందా కట్టక తప్పదా?
- పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పి0171 అంటే ఒకటో బ్యాంకులో (ఇంజన్‌లోని ఒక సిలిండర్ల వరుసలో) గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువైందని. ఆ కబురు మోసుకొచ్చిన సెన్సార్‌నే మీరు తీసి పారేశారు!

ఇంజన్ బాగా వేడెక్కాక స్కానర్ లైవ్ డేటాలో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఇంజన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకెలు) కూడి చూడండి. 10 శాతం లోపు మామూలే. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) 20 దాటి, 2500 ఆర్‌పీఎంకు ఎక్కించగానే దిగిపోతే ఇన్‌టేక్ గ్యాస్కెట్, పీసీవీ పైపు (ఇంజన్ అడుగు ఆవిర్లను ఇన్‌టేక్‌కు పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం దగ్గర ఎయిర్ లీక్ వెతకండి. లోడ్ పడేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోల్ ప్రెషర్ కొలవండి, ఎంఏఎఫ్ సెన్సార్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) మురికి చూడండి. సెన్సార్‌కు ముందు సైలెన్సర్ పైపు లీకైనా ఇదే కోడ్ వస్తుంది.

ఇదంతా ఎంఏఎఫ్ ఉన్న బండి లెక్క. ఎంఏపీ సెన్సార్ (ఇన్‌టేక్ మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) మీద నడిచే బండిలో గాలి లీకైతే మానిఫోల్డ్ ప్రెషర్ పెరుగుతుంది, ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) పెట్రోలూ పెంచుతుంది. అక్కడ కోడ్ కంటే ముందు ఐడిల్ ఎగబాకుతుంది. మీ బండిలో ఏది ఉందో తేల్చుకోకుండా పార్టు కొనొద్దు.

కార్బురేటర్ రోజుల్లో పాయింట్ గ్యాప్, వాల్వ్ క్లియరెన్స్, టార్క్ (బోల్టు బిగింపు బలం) తెలిస్తే పని నడిచేది. మోడల్ ఏళ్లతరబడి మారేది కాదు కనుక అచ్చుపుస్తకమూ పాతబడేది కాదు. ఇప్పుడు ఒకే మోడల్‌లో మధ్యలోనే ఈసీఎం, వైరింగ్ మారిపోతాయి. అందుకే డేటా ఛాసిస్ నంబరుతో వెతకాలి. 2013 ఏప్రిల్ నుంచి మన దేశంలో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2 (బండే తన లోపాన్ని కనిపెట్టి కోడ్ ఇచ్చే ఏర్పాటు) తప్పనిసరైంది. పి0తో మొదలయ్యే కోడ్‌ల అర్థం అన్ని కంపెనీలకూ ఒకటే, ఉచితంగానే దొరుకుతుంది. దానికి చందా దండగ. వైరింగ్ డయాగ్రమ్, పిన్ వివరాలు, పరీక్ష విలువలు, సాగే హెడ్ బోల్టుల టార్క్ కోణాల కోసమైతే కట్టండి. పాత మాన్యువళ్లు పాత బండ్లకు పనికొస్తాయి, అమ్మకండి.

ప్రశ్న: బయటి షెడ్లకు కంపెనీలు సమాచారం ఇవ్వాలా?
- పాఠకుడు, ముషీరాబాద్

జవాబు: ఇవ్వాలనే 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలను ఆదేశించి, జరిమానా కూడా వేసింది. విడిభాగాలు, స్కానింగ్ పరికరాలు, సాంకేతిక సమాచారం అన్నీ ఆ ఆదేశంలో ఉన్నాయి. అడిగేటప్పుడు ఛాసిస్ నంబరు, కావలసిన డయాగ్రమ్ పేరు స్పష్టంగా రాసి, రాతపూర్వకంగానే అడగండి.