చమురు ఒలికితే ప్రకృతికి జరిగిన నష్టాన్ని ఎలా లెక్కకడతారు? లూసియానా చిత్తడిలో మూడేళ్ళు పనిచేసినదానిగా నా జవాబు

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. సముద్రంలో చమురు ఒలికితే ప్రకృతికి ఇంత నష్టం జరిగిందని ఎవరు, ఎలా తేలుస్తారన్నది ఒకటి. డబ్బు కట్టించుకుంటే పోయినవి తిరిగొస్తాయా అన్నది రెండోది. మీరుండేది కాకినాడ అనీ, ఒకపక్క సముద్రంలో బావులు, ఇంకోపక్క కోరింగ మడ అడవి చూస్తుంటే భయం వేస్తోందనీ రాశారు.

నాది కోనసీమ. చదువుకి అమెరికాలోని లూసియానా వచ్చాను. 2011 నుంచి మూడేళ్ళు అక్కడి బరటారియా బే చిత్తడుల్లో శాంపిల్స్ తీసే బృందంలో పనిచేశాను. అందుకే నాకు దగ్గరగా తెలిసిన ఆ ఒక్క కేసు పట్టుకునే చెబుతాను.

అది డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదం. 2010 ఏప్రిల్ 20 రాత్రి మెక్సికో గల్ఫ్‌లో ఆ పేరున్న, సముద్రంలో చమురు బావి తవ్వే రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. బావికి మూత పడేసరికి 87 రోజులు పట్టింది. సముద్రంలో కలిసింది 31.9 లక్షల బ్యారెళ్ళని కోర్టు తేల్చింది. రెండు వేల కిలోమీటర్లకి పైగా తీరానికి నూనె అంటింది. అందులో ఎక్కువ దెబ్బతిన్నది లూసియానా చిత్తడి.

పనిలో చేరిన మొదటిరోజు నాకు నేర్పింది కర్రతో నీళ్ళని కదపడం. చిత్తడి నీళ్ళమీద ఇంద్రధనుస్సు రంగుల్లో తెట్టు కనబడితే చమురే అనుకుంటాం. ఆకులు కుళ్ళే చోట ఒకరకం బ్యాక్టీరియా వల్ల కూడా అచ్చం అలాంటి తెట్టే కడుతుంది. కర్రతో కదిపితే అది పల్చటి అద్దంలా పలకలు పలకలుగా విరిగిపోతుంది, మళ్ళీ అతుక్కోదు. అదే చమురు తెట్టయితే కర్ర వెనకాలే సుడి తిరుగుతూ వచ్చి కలిసిపోతుంది. పడవ అంచున కూర్చుని ఆ తెట్టు విరుగుతుందా, కలుస్తుందా అని ఊపిరి బిగబట్టి చూసిన రోజులు నాకింకా గుర్తున్నాయి.

చమురే అని తేలినా, ఆ బావిదేనా అన్న ప్రశ్న మిగులుతుంది. గల్ఫ్ అడుగున సహజంగా ఊరే చమురుంది, చేపల పడవల డీజిల్ ఉంది, పాత బావుల లీకులున్నాయి. ల్యాబులో హోపేన్లు అనే పదార్థాల పొందిక చూసి ఏ చమురు ఎక్కడిదో పోల్చుకుంటారు. మనిషికి వేలిముద్ర ఎలాగో చమురుకి అదలాగ. ఎండకీ అలలకీ తేలిక పదార్థాలు ఎగిరిపోయినా హోపేన్లు చాలాకాలం నిలిచి ఉంటాయి.

ఈ లెక్కంతా చివరికి కోర్టులో నిలబడాలి. అందుకే ప్రతి బురద ముద్దకీ ఒక పుట్టుపూర్వోత్తరాల కాయితం ఉంటుంది. గోధుమరంగు గాజు సీసా, టెఫ్లాన్ పొర ఉన్న మూత, ఐసు పెట్టె, సీసా చేతులు మారిన ప్రతిసారీ టైముతో సహా సంతకం. ఒకసారి ఆగస్టు ఎండలో మా పడవ ఇంజను ఆగిపోయి ఒడ్డుకి చేరడం ఆలస్యమైంది. ఐసు కరిగి మూడు సీసాల లేబుళ్ళు తడిసి ఊడిపోయాయి. ఏ సీసా ఏ చోటుదో నాకు బాగా గుర్తుంది, అయినా నా గుర్తుని ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు. ఆ మూడూ పారబోశారు. మళ్ళీ వెళ్ళి తీయవచ్చు, కానీ ఆ రోజు, ఆ పోటు, ఆ వేడి మళ్ళీ రావు కదా. ఆ ఋతువు లెక్కలో ఆ మూడు చోట్లా ఖాళీలే మిగిలాయి. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అసలు విషయానికి వస్తాను. ఈ పనిలో నష్టం అంటే, చమురు రాకపోయి ఉంటే ఈపాటికి ఎలా ఉండేదో దానికీ, ఇప్పుడున్నదానికీ తేడా. 'ముందు ఎలా ఉండేది' అని మాత్రం అడిగితే చాలదు, ఎందుకంటే లూసియానా తీరం చమురు లేకపోయినా ఏటా కోతకి గురవుతూనే ఉంది. ఆ కోతని చమురు ఖాతాలో రాస్తే అబద్ధమవుతుంది. అందుకే నూనె తగలని, మిగతా అన్నివిధాలా అలాంటిదే అయిన చిత్తడిని పక్కన పెట్టుకుని రెండిటినీ పోలుస్తారు. ఇక్కడ ఒక అదృష్టం కలిసొచ్చింది. బావి తీరానికి దూరం కాబట్టి చమురు ఒడ్డుకి చేరేలోపు కొంత వ్యవధి దొరికింది. ఆ కాస్త సమయంలోనే బృందాలు పరుగెత్తి, ఇంకా శుభ్రంగా ఉన్న తీరం వెంట నీళ్ళు, బురద తీసి భద్రపరిచాయి. తర్వాత వాదనలో అవి ఎంత పనికొచ్చాయో చెప్పలేను.

ఒకసారి నాన్న ఫోన్లో అడిగారు, "గడ్డి చస్తే మళ్ళీ మొలుస్తుంది కదమ్మా, దానికింత మందీ మార్బలం దేనికి?" అని.

"నాన్నా, మన లంక ఒడ్డున రెల్లు పీకేస్తే ఏమవుద్ది?"

"వరదొస్తే కోసుకుపోద్ది."

ఆ తర్వాత ఆయనకి నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. అక్కడ స్పార్టైనా అనే ఉప్పునీటి గడ్డి ఉంటుంది. కాడకి కాస్త నూనె పట్టినా తట్టుకుంటుంది. కాడంతా పట్టి, నూనె కిందికి దిగి వేరు చచ్చిందంటే మాత్రం మట్టిని పట్టి ఉంచేది లేక అంచు విరిగి నీళ్ళలో పడిపోతుంది. నూనె బాగా పట్టిన అంచుల్లో కోత సుమారు రెట్టింపయిందని లెక్క తేలింది. అంచు దగ్గర అడుగు వేస్తే తేడా కాలికే తెలిసేది. బతికున్న చోట నేల పరుపులా అణిగి లేచేది. వేరు చచ్చిన చోట కాలు మోకాలిదాకా దిగిపోయి, పైకి లాగితే నల్లటి జిడ్డు, డీజిల్ వాసన. ఒక డెక్క మాత్రం పెద్దగా ఉండే చిన్న పీతలు అక్కడ విపరీతం. మీటరు చదరం ఫ్రేము నేలమీద పెట్టి వాటి కన్నాలు లెక్కపెట్టేవాళ్ళం. గడ్డికాడల మీద పాకే నత్తల్నీ లెక్కపెట్టేవాళ్ళం. నూనె చోట ఫ్రేము పెట్టి, లెక్కపెట్టడానికి ఏమీ లేక, సున్నా రాయడానికి చెయ్యి రాని రోజులున్నాయి. ఆ సున్నా కూడా లెక్కే.

ఇప్పుడు ఆ సున్నాని పరిహారంగా ఎలా మారుస్తారో చూడండి. పది ఎకరాల గడ్డి చచ్చి, ఎనిమిదేళ్ళలో మెల్లమెల్లగా తనంతట తనే కోలుకుందనుకుందాం. ఎనిమిదేళ్ళ తర్వాత చూస్తే నష్టమేమీ కనబడదు. కానీ ఆ ఎనిమిదేళ్ళూ అక్కడ గుడ్డు పెట్టాల్సిన చేప, దాక్కోవాల్సిన రొయ్యపిల్ల, ఆగాల్సిన అల, అన్నిటికీ లోటే. సగటున సగం లోటు అనుకుంటే పది ఎకరాలు, ఎనిమిదేళ్ళు, అందులో సగం, మొత్తం నలభై 'ఎకరం-ఏడాదులు' పోయాయి. ఇరవై ఏళ్ళపాటు నిండుగా పనిచేసే కొత్త చిత్తడి రెండెకరాలు వేయిస్తే ఆ నలభై తిరిగొస్తాయి. నిజానికి కొత్త గడ్డి ఊపందుకోవడానికి ఏళ్ళు పడుతుంది, పైగా రేపటి మేలుకి ఇవాళ్టి మేలుకన్నా ఏటా సుమారు 3 శాతం చొప్పున తక్కువ విలువ కడతారు. కాబట్టి రెండెకరాల కన్నా ఎక్కువే వేయించాలి. నాకు ఈ పద్ధతిలో నచ్చేది ఇదే. ప్రాణానికి రేటు కట్టడం తగ్గించి, పోయిన కాలానికి కాలంతోనే బాకీ తీర్పిస్తుంది.

పక్షుల లెక్క ఇంకా కష్టం. ఒడ్డున దొరికిన కళేబరాలు లెక్కపెడితే సరిపోదు. చాలా పక్షులు నడిసముద్రంలోనే మునిగిపోతాయి, గడ్డిలో పడినవి ఎవరికీ కనబడవు, కొన్నిటిని జంతువులు ఎత్తుకుపోతాయి. అందుకని రేడియో పరికరాలు కట్టిన కళేబరాలని, బొమ్మల్ని సముద్రంలో వదిలి వాటిలో ఎన్ని ఒడ్డుకి చేరాయో చూశారు. ఆ నిష్పత్తితో దొరికినవాటి నుంచి దొరకనివాటిని అంచనా వేశారు. కనీసం 93 జాతుల పక్షులు దెబ్బతిన్నాయి. బరటారియా డాల్ఫిన్ల సంగతి మరీ బాధ. ఊపిరితిత్తుల జబ్బు, చిక్కిపోయిన ఒళ్ళు. కడుపుతో ఉన్నవాటిలో ఐదింట ఒకటే బతికే పిల్లని కన్నది. నూనె తగలని చోట్ల ఐదింట నాలుగు కంటాయి. అక్కడి మంద సగానికి తగ్గుతుందనీ, దానంతట అది కోలుకోవాలంటే 39 ఏళ్ళు పడుతుందనీ ప్రభుత్వ శాఖల నష్టం నివేదికలో రాశారు.

ఇదంతా ఎవరు తేల్చాలన్నది అమెరికాలో 1990 నాటి చమురు కాలుష్య చట్టం చెబుతుంది. సముద్రం, పక్షి, గడ్డి ప్రజలవి. ప్రభుత్వ శాఖలు వాటికి ధర్మకర్తలు. ఈ కేసులో నాలుగు కేంద్ర సంస్థలు, ఐదు రాష్ట్రాలు కలిసి ఆ బాధ్యత తీసుకున్నాయి. ఆ బావి నడిపిన బీపీ అనే చమురు కంపెనీతో 2016లో కుదిరిన ఒప్పందం మొత్తం 2,080 కోట్ల డాలర్లయితే, అందులో 880 కోట్ల దాకా కేవలం ప్రకృతి వనరుల పునరుద్ధరణకే. బీచ్‌కి పోలేకపోయిన, గాలం వేయలేకపోయిన జనం నష్టాన్ని కూడా విడిగా 69 కోట్ల డాలర్లకి పైగా కట్టారు. ఈ డబ్బు ఖజానాలో కలపకూడదు, పునరుద్ధరణకే వాడాలి, ఏం చేస్తారో ముందు జనానికి చూపించి అభిప్రాయం అడగాలి. చట్టంలో నేను బంగారం అనుకునే మాట ఇదే.

తిరిగొస్తాయా అంటే, కొన్ని వస్తాయి. క్వీన్ బెస్ అని బరటారియాలో ఒక చిన్న లంక. మన నేలపట్టుకి వచ్చే గూడబాతుల చుట్టాలు, గోధుమరంగు పెలికాన్లు అక్కడ గూళ్ళు పెడతాయి. 2010లో నూనెలో తడిసి రెక్క ఎత్తలేకపోయిన పెలికాన్ల ఫొటోలు మీరూ చూసుంటారు, అలా నూనె అంటిన లంకల్లో ఇదీ ఒకటి. కోత వల్ల ఆ లంక చివరికి ఐదెకరాలే మిగిలింది. పరిహారం సొమ్ముతో మట్టి పోసి 2020 ఫిబ్రవరికల్లా, సరిగ్గా గూళ్ళు కట్టే కాలానికి, 37 ఎకరాలు చేశారు. 2022లో పడవ దూరంగా ఆపి చూశాను. ప్రతి పొద మీదా గూళ్ళు, రెట్ట వాసన, పిల్లల అరుపులు. అక్కడే ఏడ్చేశాను.

కొన్ని చిక్కుల్లో పడతాయి. మిసిసిపీ నది ఒండ్రుని చిత్తడిలోకి మళ్ళించాలని సుమారు 300 కోట్ల డాలర్ల పథకం ఒకటి 2023లో మొదలుపెట్టారు. నేల పెరుగుతుంది నిజమే, కానీ ఆ మంచినీళ్ళకి ఆల్చిప్పలు, ఆ డాల్ఫిన్లే నష్టపోతాయని జాలర్లు గట్టిగా అడ్డుకున్నారు. 2025లో రాష్ట్రమే దాన్ని రద్దు చేసింది. రెండువైపులా న్యాయం ఉందనే నాకనిపిస్తుంది. అయినా ఏళ్ళ తరబడి పడ్డ కష్టం అలా ఆగిపోవడం మాత్రం మింగుడుపడలేదు.

శుభ్రం చేయడం, బాగుచేయడం ఒకటి కాదని కూడా చెప్పాలి. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డీజ్ ఓడ నుంచి 1.1 కోట్ల గ్యాలన్లు ఒలికినప్పుడు వేడినీళ్ళు జోరుగా కొట్టి రాళ్ళు కడిగారు. కంటికి శుభ్రమైంది, కానీ రాళ్ళకి అంటుకుని బతికే ప్రాణులు ఆ వేడికి చచ్చాయి. కడగని చోట్ల కన్నా కడిగిన చోట్లే ఆలస్యంగా కోలుకున్నాయి. పాతికేళ్ళ తర్వాత కూడా కొన్నిచోట్ల ఇసక తవ్వితే చమురు కనబడింది. మడ అడవి విషయంలో ఇది మరీ ముఖ్యం. నూనె తీయబోయి మనుషులు బురద తొక్కితే, పైనున్న నూనె శ్వాసవేళ్ళ కిందికి దిగిపోతుంది.

మన దగ్గర ఇలా అంకెలవారీగా పద్ధతి చెప్పే ప్రత్యేక చట్టం లేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010 కింద పరిహారంతోపాటు పర్యావరణాన్ని యథాస్థితికి తెమ్మని ఆదేశించే అధికారం ఉంది. 2011లో ముంబై దగ్గర మునిగిన ఓడ కేసులో 2016లో వంద కోట్ల రూపాయలు కట్టమన్నది ఆ ట్రిబ్యునలే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో పాటు చెన్నై దగ్గరి ఎన్నూరు వాగులోకి చమురు దిగి పడవలు, వలలు, మడచెట్ల మొదళ్ళు నల్లబడ్డాయి, గూడబాతుల రెక్కలు కూడా. ఆ ఫొటోలు చూసినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన, 'వారం ముందు ఇక్కడ ఎన్ని పీత కన్నాలుండేవో రాసిపెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా' అన్నదే.

అందుకే మీరు భయపడే బదులు ఒక పని చేయండి. అటవీశాఖ వాళ్ళ అనుమతి తీసుకుని, కోరింగలో జనం తిరిగే దారి పక్కనే రెండు మూడు చోట్లు ఎంచుకోండి. ఒక మీటరు చదరంగా పీవీసీ పైపు ఫ్రేము చేయించుకోండి. మూడు నెలలకోసారి, అదే చోట, పాటు సమయంలో ఫ్రేము పెట్టి పీత కన్నాలు, నత్తలు, మడ మొలకలు లెక్కపెట్టండి. తేదీ, టైము, ఫోన్లో లొకేషన్ కనబడేలా ఫొటో తీసి, పేపరు మీద పెన్సిల్‌తో కూడా రాయండి, తడిస్తే పెన్ను అలుక్కుపోతుంది. పక్కన ఇంకొకరి చేత సంతకం పెట్టించండి. చేపల రేవులో పెద్దవాళ్ళని ఏ నెలలో ఏ చేప ఎక్కడ పడేదో అడిగి అదీ రాయండి. మేం వాడిన ఫారం లాంటిది తెలుగులో తయారుచేసి ఉంచాను, కావాలంటే కింద కామెంట్లో అడగండి, పెడతాను.