జపాన్ అమ్మాయిల రాక్ బ్యాండ్లలో ముందు ఎవరిని వినాలి? నన్నడిగితే ప్రిన్సెస్ ప్రిన్సెస్

అనిమే (జపాన్ కార్టూన్) పాటలు విని, అందరూ అమ్మాయిలే ఉన్న జపాన్ బ్యాండ్లు చెప్పమని కొందరు నన్నడిగారు. నేను ఒక్క పేరే చెప్తా: ప్రిన్సెస్ ప్రిన్సెస్. అక్కడివాళ్లు ముద్దుగా 'పురిపురి' అంటారు.

నాకు వీళ్లను పరిచయం చేసింది టోక్యోలో మా ఆఫీసు అకౌంట్స్ మేడమ్. టాక్సీ రసీదులో తేదీ మసకగా ఉన్నా క్లెయిమ్ తిప్పి పంపే రకం. డిసెంబర్‌లో ఆఫీసు పార్టీ. అది అయ్యాక కరావోకేకి (మ్యూజిక్ వస్తుంటే మనమే మైకులో పాడుకునే చోటుకి) వెళ్లాం. మేడమ్ పురిపురి పాట 'డైమండ్స్' పెట్టించి, మైకు పక్కవాళ్లకిచ్చేసి, సోఫా అంచుకు జరిగి రెండు మరాకాలు (ఊపి వాయించే గిలకల్లాంటివి) పట్టుకుంది. బల్ల మీద గ్లాసులు గలగలమంటున్నాయి. కిందికి చూస్తే ఆవిడ కుడికాలు అక్కడ లేని డ్రమ్ పెడల్‌ని తొక్కుతోంది, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా. 1989లో హైస్కూల్లో స్నేహితురాళ్లతో కలిసి ఈ పాటలే వాయించేదట. ఈవిడది డ్రమ్స్.

ఆ ఏడాది ఆరికాన్ (జపాన్‌లో పాటల అమ్మకాలు లెక్కగట్టే సంస్థ) సింగిల్స్ (ఒకటి రెండు పాటలతో వచ్చే రికార్డులు) జాబితాలో మొదటి స్థానం 'డైమండ్స్'ది, రెండోది కూడా వీళ్ల పాటదే. అదే ఏడాది టోక్యోలోని పెద్ద హాలు బుడోకాన్‌లో సొంతంగా కచేరీ చేశారు, అమ్మాయిల బ్యాండ్లలో వీళ్లే మొదట. 'ఆడిషన్ పెట్టి కంపెనీ తయారుచేసిన బ్యాండే కదా' అని కొందరు తీసిపారేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. నిజమే, 1983లో ఆడిషన్లోనే ఐదుగురిని ఏరి, మొదట అకసాకా కొమాచీ అని పేరు పెట్టారు. కానీ హిట్ పాటలు ఎవరు రాశారు? వాళ్లే. ఆ ఐదుగురే 1996లో విడిపోయేదాకా ఉన్నారు. మా కాలేజీ బ్యాండ్ ఆంప్ ఎవరు మోయాలన్న గొడవతో రెండో ప్రోగ్రామ్‌కే చెదిరిపోయింది, అందుకే నాకు ఈ లెక్క పెద్దగా కనిపిస్తుంది.

విడిపోయాక మళ్లీ మళ్లీ 'కమ్‌బ్యాక్' అంటూ డబ్బు దండుకోలేదు. 2011 భూకంపం, సునామీ బాధితుల కోసం 2012లో, ఆ ఒక్క ఏడాదికే అని చెప్పి కలిశారు, టోక్యో డోమ్ అనే పెద్ద స్టేడియంలో కూడా వాయించారు. ఆ డబ్బులో కొంత, భూకంపం దెబ్బతిన్న ప్రాంతంలోని సెండాయ్ నగరంలో ఒక కచేరీ హాలు కట్టడానికి ఇచ్చారు. 2016లో ఆ హాలు ప్రారంభానికి మరోసారి వచ్చి వాయించి, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు.

'డైమండ్స్' సింగిల్‌కి రెండో పాట 'ఎమ్'. పోయిన ప్రేమ పాట, మాటలు రాసింది డ్రమ్మర్ టోమితా క్యోకో. ఆ రాత్రి అది కూడా ఎవరో పెట్టారు. మేడమ్ మరాకాలు పక్కన పెట్టేసి, పాట అయ్యేదాకా బిల్లు చూస్తూ కూర్చుంది.