టెక్ సందేహాలు: డబ్బా టీవీలో ల్యాప్‌టాప్ బొమ్మ రావాలంటే

ప్రశ్న: ఊళ్లో అమ్మానాన్నల దగ్గర 21 అంగుళాల డబ్బా టీవీ ఉంది. ఇప్పటికీ చక్కగా పనిచేస్తోంది. నాన్నకు పాత సినిమాలంటే ప్రాణం. నా కొత్త ల్యాప్‌టాప్‌ను ఆ టీవీకి కలిపి చూపిద్దామని ఒకవైపు హెచ్‌డీఎంఐ, రెండోవైపు పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులున్న కేబుల్ కొన్నాను. ఎలా పెట్టినా బొమ్మ రావడం లేదు. టీవీ పోయిందా, ల్యాప్‌టాప్ పోర్టు పోయిందా అని టెన్షన్‌గా ఉంది. (ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు)

రెండూ బాగానే ఉన్నాయమ్మా, టెన్షన్ పడకండి. ఆ కేబుల్‌తో ఏ ల్యాప్‌టాప్ నుంచీ బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐ 2002 చివర్లో వచ్చిన డిజిటల్ పద్ధతి. మీ టీవీ వెనకున్న పసుపు సాకెట్‌కు కావాల్సింది అనలాగ్ సిగ్నల్. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చాలంటే మధ్యలో ఒక చిప్ ఉండాలి, ఆ చిప్‌కు కరెంటు అందాలి. మీరు కొన్న కేబుల్‌లో తీగలు తప్ప ఇంకేమీ లేవు. పాత టీవీ ఉన్న ప్రతి ఇంటికీ పనికొస్తుందన్నట్టు వీటిని అమ్మడం అన్యాయం. ఈ కేబుల్ కొని, చివరికి టీవీనే పాత ఇనుము వాళ్లకు ఇచ్చేశామని రాసినవాళ్లూ ఉన్నారు. వాపసు తీసుకుంటే ఇచ్చేయండి.

మీకు కావాల్సింది ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ కన్వర్టర్’. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దగా ఉండే ప్లాస్టిక్ డబ్బా అది. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు ఒక్క విషయం దగ్గర ఆగండి. అచ్చం ఇలాగే ఉండే ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ డబ్బా కూడా అదే షెల్ఫ్‌లో ఉంటుంది. పాత డీవీడీ ప్లేయర్‌ను కొత్త టీవీకి కలపడానికి వాడేది అది. పేర్లో రెండు మాటలు అటూఇటూ అయితే పని రివర్స్! అందుకే డబ్బాను చేతిలోకి తీసుకుని చూడండి. హెచ్‌డీఎంఐ సాకెట్ పక్కన ‘ఇన్‌పుట్’ అని, మూడు రంగుల సాకెట్ల పక్కన ‘అవుట్‌పుట్’ అని ఉండాలి. పక్కనే ‘పాల్’, ‘ఎన్‌టీఎస్‌సీ’ (రెండూ టీవీ పద్ధతుల పేర్లు) అని రాసి ఉన్న బుల్లి స్విచ్ కూడా ఉందేమో చూసుకోండి.

ఇంటికెళ్లాక టీవీ, ల్యాప్‌టాప్ రెండూ ఆపి ఉన్నప్పుడే కేబుళ్లు పెట్టండి. ల్యాప్‌టాప్ నుంచి కన్వర్టర్‌కు మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్, కన్వర్టర్ నుంచి టీవీకి మూడు రంగుల కేబుల్. పసుపు బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. టీవీకి పసుపు, తెలుపు సాకెట్లు రెండే ఉంటే అది మోనో టీవీ. ఎరుపు పిన్నును అలా వదిలేయండి. కన్వర్టర్‌తో వచ్చిన యూఎస్‌బీ తీగను ల్యాప్‌టాప్‌కో ఫోన్ ఛార్జర్‌కో పెట్టండి. అది పెట్టకపోయినా కొన్ని డబ్బాలు కాసేపు నడుస్తాయి, ఆ తర్వాత బొమ్మ వస్తూ పోతూ విసిగిస్తాయి.

ఇప్పుడు టీవీ రిమోట్ మీద ‘ఏవీ’ నొక్కండి. రిమోట్ లేకపోతే టీవీ మీదున్న బటన్‌తో ఛానెల్ నంబర్ తగ్గిస్తూ వెళ్లండి. కొన్ని సెట్లలో ఒకటి తర్వాత ఏవీ వస్తుంది. ల్యాప్‌టాప్‌లో విండోస్ బటన్, ‘పీ’ కలిపి నొక్కి ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ ఎంచుకోండి. శబ్దం ఇంకా ల్యాప్‌టాప్ స్పీకర్లలోనే వస్తుంటే, తెర కింద కుడివైపు స్పీకర్ గుర్తు నొక్కి అవుట్‌పుట్‌ను హెచ్‌డీఎంఐకి మార్చండి.

బొమ్మ వచ్చాక అక్షరాలు మసగ్గా కనిపిస్తే కంగారు పడకండి. మన టీవీ పద్ధతిలో తెర మీద కనిపించే గీతలు 576 మాత్రమే. మీ ల్యాప్‌టాప్ తెరలో 1080 ఉంటాయి. పైగా వెలుగు, రంగు రెండూ ఒకే పసుపు తీగలో కలిసి వెళ్తాయి కాబట్టి సన్నని అక్షరాల అంచులు చెదురుతాయి. ఎంత ఖరీదైన కన్వర్టర్ కొన్నా ఎక్సెల్ షీటు చదవలేరు. సినిమా మాత్రం హాయిగా చూడొచ్చు, ఎందుకంటే ఆ టీవీ తయారైందే ఆ పనికి. ఫైలు వెతుక్కోవడానికి కష్టంగా ఉంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘స్కేల్’ను 150కో 200కో పెంచండి. తెర అంచులు కాస్త కోసుకుపోయి, మూలనున్న గడియారం కనిపించకపోవచ్చు. డబ్బా టీవీలు అంచులను చట్రం వెనక దాచేస్తాయి, అది లోపం కాదు.

ప్రశ్న: కన్వర్టర్ పెట్టాను. బొమ్మ వచ్చింది కానీ రంగుల్లేవు, పైకీ కిందికీ దొర్లుతోంది. (కరీంనగర్)

ఆ బుల్లి స్విచ్‌ను ‘పాల్’ వైపు జరపండి. 1982లో మన దేశంలో కలర్ ప్రసారాలు మొదలైనప్పటి నుంచీ మనది పాల్ పద్ధతే. కనిపించనివాటితో కలిపి మొత్తం 625 గీతలు, తెర సెకనుకు 50 సార్లు గీసుకుంటుంది. ఎన్‌టీఎస్‌సీ అమెరికా, జపాన్ వాళ్ల పద్ధతి. 525 గీతలు, సెకనుకు దాదాపు 60 సార్లు. చాలా డబ్బాలు ఎన్‌టీఎస్‌సీలో పెట్టే వస్తాయి. దొర్లడం లేకుండా రంగులు మాత్రమే పోతే పసుపు పిన్ను ఎక్కడుందో చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం సాకెట్లు కూడా ఉన్న టీవీలో పొరపాటున ఆకుపచ్చ దాంట్లో పెడితే బొమ్మ నలుపు తెలుపుల్లోనే వస్తుంది.

ప్రశ్న: బొమ్మ, రంగులు, శబ్దం అన్నీ బాగున్నాయి. మనుషులు మాత్రం సన్నగా, పొడుగ్గా కనిపిస్తున్నారు. (విజయనగరం)

వెడల్పు, ఎత్తుల లెక్కలో ల్యాప్‌టాప్ తెర 16:9, మీ టీవీ 4:3. చవక కన్వర్టర్లు వెడల్పు తెరను అలాగే తెచ్చి ఇరుకు తెరలో నొక్కేస్తాయి. ముందు ల్యాప్‌టాప్ రిజల్యూషన్‌ను 800x600కు మార్చి చూడండి. చాలా డబ్బాలు దాన్ని తీసుకుంటాయి, దాంతో యూట్యూబ్‌తో సహా అన్నీ సరైన ఆకారంలోకి వస్తాయి.

మీ డబ్బా తీసుకోకపోతే వీఎల్‌సీ ప్లేయర్ వాడండి. ‘వీడియో’ మెనూలో ‘యాస్పెక్ట్ రేషియో’ ఉంటుంది. ఇప్పటి 16:9 వీడియోకు అక్కడ 2.35:1 ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌లో చూస్తే బొమ్మ అణగ్గొట్టినట్టు, మనుషులు లావుగా ఉంటారు. టీవీలోకి వెళ్లి పక్కల నుంచి నొక్కుకుపోయాక ముఖాలు సరిగ్గా కుదురుతాయి, పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. యాభైల నాటి నలుపు తెలుపు సినిమాలు దాదాపు 4:3 ఆకారంలోనే తీశారు కాబట్టి వాటికి 16:9 ఎంచుకోండి. పట్టీల్లేకుండా తెర నిండా వస్తాయి. ఒంగోలు పాఠకురాలు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి, నాన్నగారి సినిమాలకు ఇదే కావాలి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ లేదు, యూఎస్‌బీ-సీ మాత్రమే ఉంది. (హైదరాబాద్)

ముందు ఆ పోర్టు వీడియో పంపుతుందో లేదో తెలుసుకోండి. అన్ని యూఎస్‌బీ-సీ పోర్టులూ పంపవు. కంపెనీ సైట్‌లో మీ మోడల్ వివరాల్లో ఆ పోర్టు పక్కన ‘డిస్‌ప్లేపోర్ట్’ అనో ‘థండర్‌బోల్ట్’ అనో రాసి ఉంటే పంపుతుంది. అప్పుడు యూఎస్‌బీ-సీ నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్, దాని తర్వాత కన్వర్టర్ పెట్టుకోవాలి. ఆ మాటలు లేకపోతే అడాప్టర్ కొనకండి.

ప్రశ్న: సొంత ఫైళ్లు వస్తున్నాయి. ఓటీటీ యాప్ తెరిస్తే నల్ల తెర. (మచిలీపట్నం)

కాపీ కాకుండా ఓటీటీలు పెట్టుకున్న ‘హెచ్‌డీసీపీ’ అనే తాళం అది. హెచ్‌డీఎంఐ రెండో చివరనున్న పరికరం సరైన జవాబివ్వకపోతే కొన్ని యాప్‌లు బొమ్మ ఆపేస్తాయి, కొన్ని నాణ్యత తగ్గించి చూపిస్తాయి. యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లో తెరిచి చూడండి, కొన్నిసార్లు వస్తుంది.

ప్రశ్న: మా తాతయ్య కాలం నాటి ఈసీ టీవీ ఉంది. నలుపు తెలుపు సెట్. యాంటెనా సాకెట్ తప్ప ఏమీ లేదు. (వరంగల్)

హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైన సెట్ ఇంకా వెలుగుతోందంటే జాగ్రత్తగా చూసుకోవాల్సిందే. దీనికి కన్వర్టర్ తర్వాత ‘ఆర్ఎఫ్ మాడ్యులేటర్’ అనే ఇంకో డబ్బా కావాలి. అది బొమ్మనూ శబ్దాన్నీ కలిపి ఒక ఛానెల్‌గా మార్చి యాంటెనా సాకెట్‌లోకి పంపుతుంది. అలాంటి పాత సెట్లు చాలావరకు వీహెచ్‌ఎఫ్ ఛానెళ్లనే పట్టుకుంటాయి కాబట్టి వీహెచ్‌ఎఫ్ ఇచ్చే మాడ్యులేటర్ అడగండి. దాని మీద శబ్దానికి సెట్టింగ్ ఉంటే 5.5 మెగాహెర్ట్జ్ పెట్టండి, లేకపోతే బొమ్మ వచ్చి మాటలకు బదులు గురగుర వినిపిస్తుంది. యాంటెనాకు రెండు స్క్రూల కింద బిగించే చదును తీగ ఉంటే 75 ఓమ్‌ల నుంచి 300 ఓమ్‌లకు మార్చే చిన్న బాలన్ మధ్యలో పెట్టుకోవాలి.

ఎవరైనా టీవీ విప్పి పసుపు సాకెట్ బిగిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ కాలం సెట్లలో కొన్నింటి చాసిస్ (లోపలి లోహపు చట్రం) నేరుగా ఇంటి కరెంటుతో కలిసి ఉంటుంది. అలాంటి సెట్‌కు సాకెట్ బిగిస్తే ఆ కరెంటు కేబుల్ వెంట ల్యాప్‌టాప్ దాకా, దాన్ని పట్టుకున్న మీ చేతి దాకా వస్తుంది.