ఆటలో కనిపించే నరకం ఎవరిది?

ప్రశ్న: ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి రాత్రిళ్లు ‘హేడీస్’ అనే వీడియో గేమ్ ఆడుతున్నాడు. అందులో కథానాయకుడు పాతాళంలో చచ్చి మళ్లీ లేస్తుంటాడు. మన పురాణాల్లోని నరకానికీ దానికీ సంబంధం ఉందా?
— ఒక తల్లి, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: 2020లో పూర్తి రూపంలో విడుదలైన ఆ ఆటకు ఆధారం గ్రీకు పురాణం. పాతాళాధిపతి హేడీస్ కుమారుడు జాగ్రియస్ తండ్రి ఇల్లు విడిచి భూమి మీదికి పోవాలని చూస్తాడు. దారిలో హతుడైన ప్రతిసారీ పాతాళంలో పారే స్టిక్స్ నదీజలం గుండా మళ్లీ ఆ ఇంటికే చేరుకుంటాడు. గ్రీకుల పరలోకమంతా శిక్షాస్థలం కాదు. వీరులకు ఎలీజియం అనే సుఖధామం, సామాన్యులకు ఆస్ఫొడెల్ పూల మైదానం ఉన్నాయి. ఆటలో మాత్రం ఆ మైదానం మీద లావా పొంగి పారుతుంది. ఉత్త పచ్చికలో ఆటగాడికి ఆపద ఎక్కడ దొరుకుతుంది మరి!

1993 నాటి ‘డూమ్’ అనే మరో వీడియో గేమ్ దారి వేరు. అందులోని మంటలు, కొమ్ముల దయ్యాలు క్రైస్తవ చిత్రణకు దగ్గరివి.

మన భాగవతం పంచమ స్కంధం రౌరవం, కుంభీపాకం, వైతరణి వంటి 28 నరకాలను పేర్కొంటుంది. అక్కడి శిక్ష శాశ్వతం కాదు. అనుభవించాక జీవుడు మళ్లీ పుడతాడు. యమభటులు కూడా ధర్మాన్ని అమలు చేసే సేవకులే తప్ప, ‘డూమ్’లో వలె తుపాకీతో కాల్చవలసిన శత్రువులు కారు. (సినిమాల్లో యముణ్ణి నవ్వులపాలు చేసింది మనమే అనుకోండి.) కాబట్టి మీ అబ్బాయి ఆడే ఆటకూ మన నరకానికీ నేరుగా సంబంధం లేదు. మీరు మందలించవలసింది ఏదైనా ఉంటే, అది ఆ రాత్రి జాగరణను.